పాట రాయకముందే సిద్ధమయ్యే పేజీ

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్ళు స్టాండుకు ఇద్దరు చొప్పున కూర్చుంటారు. ఆ ఇద్దరిలో లోపలి వైపు కూర్చున్నవారికి ఒక అదనపు బాధ్యత ఉంటుంది. పేజీ చివరికి రాగానే తన వాయింపు ఆపి కాగితం తిప్పాలి. ఆ చివర రెండు మూడు బార్ల (తాళపు గడుల) విరామం ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అలా కాకుండా స్వరాలు జోరుగా పరుగెత్తే చోట పేజీ అయిపోతే, ఆ క్షణంలో వయొలిన్లలో సగం మౌనంగా ఉండిపోతాయి. హాల్లో కూర్చున్నవారికి ధ్వని ఒక్కసారిగా పలుచబడినట్టు వినిపిస్తుంది. స్వరకర్త బాగానే రాశారు, వాద్యకారులు బాగానే సాధన చేశారు. లోటు జరిగింది పేజీ అమర్చిన చోట.

ఈనాటి ప్రసంగం ఆ అమరిక గురించి. స్వరాలను అయిదు గీతల మీద చూపే స్టాఫ్ నొటేషన్‌ను కంప్యూటర్‌లో రాసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటన్నిటిలోనూ టెంప్లేట్ అనే ఏర్పాటు ఉంటుంది. ఏ వాద్యాలు ఏ వరుసలో రావాలి, కాగితం కొలత ఎంత, అంచులు ఎంత వదలాలి, అయిదు గీతల ఎత్తు ఎంత ఉండాలి, పాట పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడాలి, సాహిత్యం ఏ ఫాంటులో ఉండాలి, పేజీ సంఖ్య ఏ మూల రావాలి అన్నవి ఒక్కసారి నిర్ణయించి దాచుకున్న ఖాళీ ఫైలు అది. ముగ్గు వేసేవాళ్ళు ముందుగా చుక్కలు పెట్టుకున్నట్టు, ఒక్క స్వరమైనా రాయకముందే పేజీ రూపం సిద్ధమవుతుంది. ఆ తరువాత రాసేవారి దృష్టంతా సంగీతం మీదే ఉంచుకోవచ్చు.

ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1501లో వెనిస్ నగరంలో ఒట్టావియానో పెట్రూచి కదిలే అచ్చులతో బహుస్వర సంగీతాన్ని ముద్రించినప్పుడు, ఒకే కాగితాన్ని మూడుసార్లు అచ్చుయంత్రం కిందికి పంపేవాడు. గీతలకు ఒకసారి, స్వరాలకు ఒకసారి, మాటలకు ఒకసారి. మూడు ముద్రలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలంటే ఏది ఎక్కడ పడాలో ముందే తేల్చుకోక తప్పదు.

పంతొమ్మిదో శతాబ్దానికి సంగీతం అచ్చువేసే విద్యకు పెద్ద కేంద్రం జర్మనీలోని లైప్‌జిగ్ నగరం. 1719లో మొదలైన బ్రైట్‌కాఫ్ సంస్థది ఆ ఊరే. 1846లో అక్కడే ప్రారంభమైన రోడర్ సంస్థ ఎందరో ప్రచురణకర్తలకు సంగీతం చెక్కిపెట్టేది. తగరం, సీసం కలిసిన మెత్తని లోహపు పలక మీద చెక్కేవాళ్ళు. చెక్కే కళాకారుడు పలకను తాకకముందే రాతప్రతి అంతా చూసి, ఏ వరుసలో ఎన్ని బార్లు పడతాయో, పేజీ ఎక్కడ తిరగాలో లెక్క కట్టేవాడు. అయిదు పళ్ళున్న పనిముట్టును ఒక్క లాగు లాగితే అయిదు గీతలూ ఒకేసారి పడేవి. స్వరాల తలలకు, క్లెఫ్ గుర్తులకు ఉక్కు అచ్చులుండేవి. వాటిని పలక మీద నిలిపి సుత్తితో కొట్టేవాడు. కాడలు, స్వరాలను కలిపే వంపుగీతలు చేత్తో చెక్కేవాడు. అంతా అద్దంలో చూసినట్టు తిరగేసి, కుడి నుంచి ఎడమకు చెక్కాలి. ఒక పేజీ పూర్తి కావడానికి దాదాపు ఒక పనిరోజు పట్టేది. ప్రతి ప్రచురణ సంస్థకూ తన సొంత అచ్చులు, తన సొంత కొలతలు ఉండేవి. అలవాటు పడ్డ కళ్ళు అట్ట చూడకుండానే ఈ పేజీ ఫలానా వారిదని పోల్చుకునేవి.

ఆ చేతిపనిలోని తెలివిని కంప్యూటర్‌లోకి తేవడానికి పూనుకున్నవారిలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లేలండ్ స్మిత్ ముందువరుసలో ఉంటారు. ఆయన రూపొందించిన ప్రోగ్రామ్ పేరు స్కోర్. 1988లో ఫినాలే వచ్చింది. 1993లో ఇంగ్లండ్‌కు చెందిన కవల సోదరులు బెన్ ఫిన్, జొనాథన్ ఫిన్ సిబెలియస్‌ను విడుదల చేశారు. 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు యువకులు లిలీపాండ్ పని మొదలుపెట్టారు. చెక్కుడు పలకల నుంచి అచ్చయిన పాత ప్రతులను కొలిచి, పరిశీలించి, ఆ అందం కంప్యూటర్ ముద్రణలోకి ఎలా వస్తుందో వాళ్ళు శోధించారు. 1950లో బేరెన్‌రైటర్ సంస్థ ప్రచురించిన బాఖ్ చెల్లో సూట్‌లు వాళ్ళు ఆదర్శంగా పెట్టుకున్న ప్రతుల్లో ఒకటి. స్టైన్‌బర్గ్ సంస్థ 2016లో తెచ్చిన డొరికోకు ఆ పేరు పదహారో శతాబ్దంలో రోమ్‌లో సంగీతం అచ్చువేసిన వలేరియో డొరికో నుంచి వచ్చింది. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లో స్వరగుర్తుల ఫాంటుకు పెట్టిన పేరు లేలండ్. అది లేలండ్ స్మిత్ గౌరవార్థం పెట్టిన పేరు.

ఈ సాఫ్ట్‌వేర్లలో ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి. టెంప్లేట్ వేరు, స్టైల్ వేరు. టెంప్లేట్‌లో వాద్యాల జాబితా, వాటి వరుస, పేజీ రూపం అన్నీ కలిసి ఉంటాయి. తీగవాద్య చతుష్టయానికి ఒకటి, నాలుగు గొంతుల గాయకబృందానికి ఒకటి, పెద్ద ఆర్కెస్ట్రాకు ఒకటి కావాలి. ఆర్కెస్ట్రా అయితే పైన ఊదే కర్రవాద్యాలు, తరువాత ఇత్తడివాద్యాలు, ఆ కింద తాళవాద్యాలు, అట్టడుగున తీగవాద్యాలు అన్న వరుస స్థిరపడి ఉంది. కండక్టరు కన్ను ఆ వరుసకు అలవాటు పడి ఉంటుంది. స్టైల్ అన్నది కేవలం కొలతల, అక్షరాల, ఎడాల చిట్టా. మ్యూజ్‌స్కోర్‌లో ఈ చిట్టాను విడిగా ఒక ఫైలుగా దాచుకుని, ఇంతకుముందే రాసిన ఏ స్కోరుకైనా తగిలించవచ్చు. సిబెలియస్‌లో ఇదే పనికి హౌస్ స్టైల్ అన్న పేరు ఉంది. లిలీపాండ్‌లో నియమాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, ప్రతి పాట ఫైలు మొదట్లో దాన్ని పిలుచుకుంటారు. ఆ ఒక్క ఫైలులో అంకె మారిస్తే వంద పాటల రూపం మారుతుంది.

కొలతల్లో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అయిదు గీతల ఎత్తు. నొటేషన్‌లో మిగిలిన కొలతలన్నీ రెండు గీతల మధ్య ఉన్న ఖాళీని బట్టి నడుస్తాయి. స్వరపు కాడ పొడవు మామూలుగా మూడున్నర ఖాళీలు. ఆ ఖాళీ పెరిగితే అన్నీ పెరుగుతాయి, తగ్గితే అన్నీ తగ్గుతాయి. అయిదు గీతల మధ్య ఉండేవి నాలుగు ఖాళీలు. ఒక్కో ఖాళీ 2 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం ఎత్తు 8 మిల్లీమీటర్లు అవుతుంది. ఆర్కెస్ట్రాల్లో నొటేషన్ గ్రంథాలయాలు చూసుకునేవారి అంతర్జాతీయ సంఘం మోలా. వాద్యకారుల పార్టులకు, అంటే ఒక్కో వాద్యానికి విడిగా తీసే ప్రతులకు, దాదాపు ఆ కొలతే హాయిగా ఉంటుందని ఈ సంఘం సూచనలు చెబుతాయి. ఇద్దరు ఒకే కాగితాన్ని కొంచెం దూరం నుంచి, వేదిక వెలుతురులో చూస్తారన్న ఎరుకతో చేసిన సూచన అది. మ్యూజ్‌స్కోర్ కొత్త ఫైలు తెరిచినప్పుడు తనంతట తాను ఇచ్చే ఖాళీ 1.75 మిల్లీమీటర్లు, అంటే మొత్తం ఎత్తు 7. పియానో ముందు కూర్చుని చదువుకునే ఒక్కరికి అది చాలు. పంచుకుని చదివే వయొలిన్ పార్టుకు 2 చేసి దాచుకుంటే మంచిది.

కాగితం కొలత కూడా ఇలాంటిదే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తయారైన స్కోరు ఏ4 కాగితానికి అమర్చి ఉంటుంది. దాన్ని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రింటు తీస్తే అక్కడి ప్రింటరులో ఉండేది లెటర్ సైజు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్ పొడవు 279. పేజీ మొత్తాన్ని కుదించి ప్రింటు చేస్తే 8 మిల్లీమీటర్ల గీతలు ఏడున్నరకు పడిపోతాయి, అంచుల్లో అనవసరమైన తెలుపు మిగులుతుంది. రెండు దేశాల్లో వాడే స్కోర్లకు రెండు టెంప్లేట్లు ఉంచుకోవడమే దీనికి సరైన దారి.

ఇక తెలుగు పాట సంగతికి వస్తే, స్టాఫ్ నొటేషన్‌కూ తెలుగు సాహిత్యానికీ పరిచయం నిన్న మొన్నటిది కాదు. మద్రాసులో ఏ.ఎం. చిన్నస్వామి ముదలియార్ 1890ల తొలి సంవత్సరాల్లోనే ఓరియెంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్ అన్న పేరుతో త్యాగరాజ కృతులను అయిదు గీతల మీద అచ్చు వేయించారు. ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు తమ సంప్రదాయ సంపదను గ్రంథస్థం చేసేలా ప్రోత్సహించిన వారిలో ఆయన ముఖ్యులు. ఆ కృషి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిగా వెలువడింది. అచ్చయింది తమిళదేశంలో, భాషా లిపీ తెలుగు. అందులో గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు ఏర్పరచి, వాటిని వివరించి, గ్రంథమంతటా అవే వాడారు. ఒకసారి నిర్ణయించిన గుర్తుకు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కట్టుబడి ఉండే క్రమశిక్షణ తెలుగు అచ్చులో అప్పుడే ఉంది.

ఇప్పుడు ఒక పనిని దగ్గరగా చూద్దాం. అమెరికాలో బడి ఆర్కెస్ట్రాలో స్టాఫ్ నొటేషన్ చూసి వయొలిన్ వాయించే తెలుగు పిల్లలు చాలామంది ఇంటి దగ్గర కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంటారు. వారికోసం ఒక ఉపాధ్యాయురాలు మ్యూజ్‌స్కోర్‌లో మాయామాళవగౌళ పాఠాలు తయారు చేస్తున్నారనుకుందాం. షడ్జమం సి స్వరం మీద పెడితే శుద్ధ రిషభం డి ఫ్లాట్ అవుతుంది, శుద్ధ ధైవతం ఎ ఫ్లాట్ అవుతుంది. మిగిలిన స్వరాలకు ఏ గుర్తూ అక్కరలేదు. అంటే గీతల మొదట్లో డి మీద ఒక ఫ్లాట్, ఎ మీద ఒక ఫ్లాట్, అంతే. పాశ్చాత్య సంగీతంలో రెండు ఫ్లాట్లు అంటే బి, ఇ. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చే మామూలు జాబితాలో ఈ గుర్తు దొరకదు. మ్యూజ్‌స్కోర్‌లో గీతల మొదట్లో వచ్చే ఇలాంటి గుర్తుల వరుసను, అంటే సొంత కీ సిగ్నేచర్‌ను, తయారు చేసుకుని పాలెట్ అనే గుర్తుల పెట్టెలో పెట్టుకునే సౌకర్యం ఉంది. ఒక్కసారి తయారు చేస్తే ప్రతి పాఠంలో ప్రతి రిషభానికీ విడిగా ఫ్లాట్ పెట్టే శ్రమ తప్పుతుంది. పిల్లవాడి కన్ను కూడా రాగాన్ని మొదటి చూపులోనే గుర్తుపడుతుంది.

ఆదితాళం మరో నిర్ణయం. ఎనిమిది అక్షరాల ఆవర్తనాన్ని ఒకే బారుగా తీసుకుంటే చతురశ్ర లఘువు నాలుగు, ద్రుతాలు రెండు రెండు అన్న విభజన కంటికి కనబడదు. అందుకని బారు లోపల నాలుగో అక్షరం తరువాత, ఆరో అక్షరం తరువాత చుక్కల గీత పెట్టి, ఆవర్తనం చివర మాత్రమే నిండు గీత ఉంచవచ్చు. కంట్రోల్ మీట నొక్కిపట్టి పాలెట్‌లోని చుక్కల గీతను స్వరం మీదికి లాగితే అది బారు మధ్యలో కూర్చుంటుంది. ఇలాంటి గుర్తులకు పాలెట్ తగిన చోటు. కొలతలు, ఫాంట్లు, శీర్షికలు స్టైల్‌లోనూ టెంప్లేట్‌లోనూ ఉంటాయి. దేన్ని ఎక్కడ దాచాలో తెలిస్తే సగం పని అయినట్టే.

అసలు శ్రద్ధ పెట్టవలసింది సాహిత్యం వరుస దగ్గర. ఇంగ్లీషు అక్షరాలు దాదాపు ఒకే ఎత్తులో నడుస్తాయి. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద వత్తులు. లక్ష్మి అన్న మాటలో క్ష కింద మకార వత్తు వేలాడుతుంది. రెండు చరణాలు ఒకదాని కింద ఒకటి రాస్తే, మొదటి చరణపు వత్తు రెండో చరణపు గుడిని ఢీకొంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎడం దీనికి చాలకపోవచ్చు. స్టైల్‌లో సాహిత్యపు విభాగానికి వెళ్ళి వరుసల మధ్య ఎత్తు పెంచి, గీతల నుంచి మొదటి వరుసకు ఉండవలసిన దూరం కూడా కాస్త పెంచి దాచుకోవాలి. ఎంత పెంచాలన్నది ఫాంటును బట్టి ఉంటుంది. వత్తులు దండిగా ఉన్న రెండు చరణాలు టైపు చేసి, ప్రింటు తీసి, కంటితో చూసి తేల్చుకోవడం ఉత్తమం.

ఫాంటు పేరు కూడా టెంప్లేట్‌లో ఖాయం చేయాలి. మ్యూజ్‌స్కోర్ మామూలుగా వాడే ఎడ్విన్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. అలాంటప్పుడు కంప్యూటర్ తనకు దొరికిన మరో తెలుగు ఫాంటును తెచ్చిపెడుతుంది. ఒక యంత్రంలో ఒక రూపం, మరో యంత్రంలో మరో రూపం. అక్షరం వెడల్పు మారితే స్వరాల మధ్య ఎడం మారుతుంది, వరుస ముగిసే చోటు మారుతుంది, జాగ్రత్తగా చూసుకున్న పేజీ మలుపు చెదిరిపోతుంది. నోటో సెరిఫ్ తెలుగు వంటి ఉచిత ఫాంటు ఒకటి ఎంచుకుని సాహిత్యానికి, పాట పేరుకు, వాగ్గేయకారుడి పేరుకు విడివిడిగా నిర్ణయించాలి. ఫైలు పంపేటప్పుడు పీడీఎఫ్ కూడా జతచేస్తే ఫాంటు అందులోనే ఇమిడి వెళుతుంది.

మాటల విరుపుకూ ఒక నియమం కావాలి. సాహిత్యం టైపు చేసేటప్పుడు అక్షరానికీ అక్షరానికీ మధ్య హైఫన్ కొడితే తరువాతి స్వరానికి వెళుతుంది. తెలుగులో సంయుక్తాక్షరాన్ని రెండు ముక్కలు చేయకుండా తరువాతి స్వరం కిందనే ఉంచడం చదవడానికి సుఖం. ఒకే అక్షరం అనేక స్వరాల మీద సాగే చోట అండర్‌స్కోర్ మీటతో గీత సాగదీయాలి. సంగతుల మీద సంగతులు వచ్చే కృతిలో ఈ గీతలే పాడేవారికి దారి చూపుతాయి.

పాత పాట ఫైలును తెరిచి, స్వరాలు చెరిపేసి, కొత్త పాట రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల పాత పాట పేరు, పాత కాపీరైటు వాక్యం పేజీ అడుగున అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. టెంప్లేట్‌లో ఈ చిక్కుకు మంచి విరుగుడు ఉంది. పేజీ అడుగున నేరుగా మాటలు రాయకుండా, డాలర్ గుర్తు పక్కన ఒక అక్షరం ఉండే సంకేతాలు రాస్తే మ్యూజ్‌స్కోర్ పేజీ సంఖ్యను, కాపీరైటు వివరాన్ని ఆ ఫైలు సమాచారం నుంచి తనే తెచ్చి నింపుతుంది. కొత్త ఫైలులో కొత్త వివరమే పడుతుంది.

సౌకర్యం ఎంత ఉందో జాగ్రత్త కూడా అంత అవసరం. మంచి నిర్ణయం వంద పాటలకు ఎంత సులువుగా వెళుతుందో పొరపాటు కూడా అంతే సులువుగా వెళుతుంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసిన స్వరం కన్నా ఒక స్వరం కిందికి మోగుతుంది. టెంప్లేట్‌లో ఆ వాద్యాన్ని సి వాద్యంగా నమోదు చేస్తే, దాని నుంచి పుట్టే ప్రతి పార్టూ తప్పే అవుతుంది. అందుకే టెంప్లేట్‌ను వాడకంలోకి తెచ్చే ముందు, వాయించే మనిషి చేతికి ఒక పార్టు ఇచ్చి చూపించుకోవాలి. ఇంకొక సంగతి, పేజీ మలుపులను టెంప్లేట్ నిర్ణయించలేదు. విరామం ఎక్కడ వస్తుందో పాట రాశాకే తెలుస్తుంది. ప్రతి పార్టునూ విడిగా తెరిచి, విరామం ఉన్న చోట పేజీ విరవడం మనిషి చేయవలసిన పనిగానే ఉంది.

ఆ పని ఎంత పెద్దదో పెద్ద స్కోర్లు చెబుతాయి. సాగర సంగమం, రుద్రవీణ వంటి తెలుగు చిత్రాలకు సంగీతం అందించిన ఇళయరాజా స్టాఫ్ నొటేషన్‌ను స్వహస్తంతో రాయడంలో ప్రసిద్ధులు. ఆయన సింఫనీ వేలియంట్‌ను 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. అలాంటి రచనలో కండక్టరుకు పూర్తి స్కోరు ఒకటి ఉంటే, ప్రతి వాద్యానికీ వేరే పార్టు ఉండాలి. సాధనలో ఫలానా చోటి నుంచి అని చెప్పుకోవడానికి పెట్టే రిహార్సల్ అక్షరాలు అన్ని పార్టుల్లో ఒకే చోట రావాలి, బారు సంఖ్యలు కలవాలి, విరామపు బార్లు ఒకటిగా కూడి ఎన్నో అంకెలో కనిపించాలి. ఈ పొందిక చేత్తో తేవాలంటే రోజులు పడతాయి.

2024 ఆగస్టు 26న మరో పాఠం వచ్చింది. ముప్పై అయిదేళ్ళకు పైగా నడిచిన ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు దాన్ని నడిపే మేక్‌మ్యూజిక్ సంస్థ ఆ రోజు ప్రకటించింది. ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న టెంప్లేట్లు, లైబ్రరీలు ఆ సాఫ్ట్‌వేర్‌కే పరిమితం. మైఖేల్ గుడ్ రూపొందించిన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఉమ్మడి ఫైలు రూపం ద్వారా స్వరాలు, సాహిత్యం ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి వెళతాయి. పేజీ అలంకరణ మాత్రం పూర్తిగా వెళ్ళదు, కొత్త చోట మళ్ళీ కట్టుకోవాలి. గీతల ఎత్తు ఇంత, ఫాంటు ఇది, ఎడం ఇంత అని ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టుకున్నవారికి ఆ పని త్వరగా తెమిలింది. ఆ కాగితం ఏ కంపెనీ మూతపడినా చెక్కుచెదరదు.

మన సంగీత కళాశాలలకు, స్టాఫ్ నొటేషన్ చూసి పాడే చర్చి గాయకబృందాలకు, విదేశాల్లో పాఠాలు చెప్పే గురువులకు ఒక విన్నపం. మ్యూజ్‌స్కోర్‌కు రుసుము లేదు, మంచి తెలుగు ఫాంట్లకూ రుసుము లేదు. తెలుగు సాహిత్యానికి సరిపడే ఎడాలతో, ఏ4కు ఒకటి, లెటర్‌కు ఒకటి టెంప్లేట్లు తయారు చేసి, పిల్లల చేత చదివించి సరిచూసి, ఆ ఫైళ్ళను అందరికీ ఉచితంగా పంచండి. ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.